ఏనుగును, అంకుశమును: కార్నెగీ గ్రంథాలయ దానముల చరిత్ర

దానములలో విద్యాదానము మిన్న యని పెద్దలు చెప్పిరి. విద్యాదానమునకు గ్రంథాలయమును మించిన సాధనము అరుదు. కావున గ్రంథాలయములకు ఇచ్చిన ధనమును గూర్చి గుణదోష విచారణ చేయుట కొందరికి అపచారముగా తోచవచ్చును. దానముగా వచ్చిన ఆవుకు పండ్లు పట్టి చూడరాదని లోకోక్తియు కలదు. అయితే ఆవు ఇంటికి వచ్చిన పిమ్మట దానికి గడ్డి వేయవలసినవాడు పుచ్చుకొన్నవాడే గాని ఇచ్చినవాడు కాడు. ఏనుగును ఇచ్చి అంకుశము వద్ద తగవులాడుట యను మరియొక సామెతయు మనకు ఉన్నది. పెద్ద దానములలో అంకుశము ఎవరి చేత నుండునో, గడ్డి ఎవరు మోయవలసి వచ్చునో తెలియుటకు ప్రపంచ గ్రంథాలయ చరిత్రలో ఆండ్రూ కార్నెగీ దానముల కంటె మంచి ఉదాహరణము లేదు.

నేతగాని కుమారుడు

1835 వ సంవత్సరమున స్కాట్లండు దేశమందలి డన్‌ఫర్మ్‌లిన్ పట్టణమున కార్నెగీ జన్మించెను. ఆ పట్టణము నాడు నారబట్టల నేతకు ప్రసిద్ధి. తండ్రి విలియం కార్నెగీ చేమగ్గముపై బ్రదుకువాడు. ఆయనయు, మరి నలుగురు నేతగాండ్రును తమ కున్న కొద్ది పుస్తకములను ఒకచోట చేర్చి ఇరుగుపొరుగువారికి చదువ నిచ్చిరి. ఆ ఊరి మొదటి గ్రంథాలయము అదియేనని కార్నెగీ తదుపరి కాలమున సగర్వముగా చెప్పుకొనెను. అయిదుగురు కష్టజీవులు తమలో తాము కూడి, ఎవరి అనుమతియు కోరక, ఎవరి పేరును చెక్కక ఏర్పరచుకొన్న గ్రంథాలయ మది. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొన దగును.

ఆవిరి మగ్గములు వచ్చినంతనే చేనేత కూలిపోయెను. 1848 వ సంవత్సరమున ఆ కుటుంబము ఓడ యెక్కి అమెరికాకు పోయి, పిట్స్‌బర్గు నగరము చెంతనున్న అలెఘెనీలో కాపురము పెట్టెను. పదుమూడేండ్ల ప్రాయమున ఆండ్రూ నూలుమిల్లులో దారపు కండెలు అందించు పనికి కుదిరెను. వారమునకు కూలి 1 డాలరు 20 సెంట్లు. పిమ్మట తంతి కార్యాలయమున వార్తలు మోయు బాలుడయ్యెను.

ఆ ఊరిలో కర్నల్ జేమ్స్ ఆండర్సన్ అను పెద్దమనిషి యుండెను. ఆయన తన సొంత పుస్తకములు సుమారు 400 పనిచేయు బాలురకు శనివారములందు ఎరువిచ్చుచుండెను. కార్నెగీ చదువంతయు ఆ పుస్తకములతోనే సాగినది. కొంతకాలమునకు ఆ గ్రంథాలయము విస్తరించి, నిర్వాహకులు మారి, కొత్త నిబంధన యొకటి వచ్చెను. చేతిపనులు నేర్చుకొను శిష్యులకు మాత్రమే పుస్తకములు ఉచితము. తంతి బాలుర వంటివారు ఏటికి 2 డాలర్లు చెల్లింపవలెను. 1853 లో కార్నెగీ ఈ అన్యాయమును గూర్చి స్థానిక పత్రికకు లేఖ వ్రాసెను. వాదోపవాదములు జరిగినవి. తుదకు నిర్వాహకులు దిగివచ్చి నిబంధనను సవరించిరి.

ఆ బాలుడు పుస్తకములు పొందినది దాత దయవలన మాత్రమే కాదు. దాత అదే ఊరివాడు. పుస్తకములు పుచ్చుకొనువాడు నోరు విప్పి అడుగగలిగెను. అడిగిన మాట చెవిని పడునంత దగ్గరలో అధికారముండెను. ఈ మూడును కూడిరాగా ఆ గ్రంథాలయము తన తప్పును దిద్దుకొనెను. కాలక్రమమున కార్నెగీ తానే మహాదాత యయినప్పుడు ఈ మూడింటిలో ఏవి నిలిచినవి, ఏవి జారిపోయినవి అనునదే ముందు చరిత్ర.

ధర్మకర్త సిద్ధాంతము

రైలుమార్గములు, వంతెనలు, ఇనుము, ఉక్కు, ఈ వ్యాపారములలో కార్నెగీ అపారముగా గడించెను. 1889 జూన్ నెలలో ‘నార్త్ అమెరికన్ రివ్యూ’ పత్రికయందు ‘సంపద’ అను వ్యాసమును ప్రకటించెను. ధనికుడు తన సంపదకు యజమాని కాడు, బీదల పక్షమున ధర్మకర్త; బ్రదికియుండగనే దానిని లోకహితమునకు వినియోగింపవలెను; కూడబెట్టిన ధనముతో మరణించుట అప్రతిష్ఠ. ఈ మాటలు లోకమంతట మారుమ్రోగినవి. అందు నిజమైన ఔదార్యము లేకపోలేదు. 1919 లో మరణించునాటికి ఆయన సుమారు 35 కోట్ల డాలర్లు పంచి యిచ్చెను.

కాని ఆ సిద్ధాంతములో ఒక మెలిక కలదు. అదే ధనమును కొంచెము కొంచెముగా వేలమందికి పంచినచో వారు దానిని తిండికిని తాత్కాలిక సుఖములకును వెచ్చింతురనియు, ఒక్కని చేతిలో కూడి గొప్ప సంస్థగా మారినచో జాతికి ఎక్కువ మేలు కలుగుననియు ఆయన వాదము. వేలమందికి కొంచెము కొంచెముగా పంచుట యనగా ఏమి? కర్మాగారమున అది జీతమే కదా! కూలిలో కోసి గ్రంథాలయముగా తిరిగి యిచ్చుట న్యాయమే యను తలంపునకు ఈ వాదము త్రోవ చేసెను. బీదవానికి ఏది మేలో వానికంటె ధనికునికే బాగుగా తెలియునను నమ్మకము దీనికి పునాది.

హోంస్టెడ్ గాథ

ఈ సిద్ధాంతమునకు పరీక్ష త్వరలోనే వచ్చినది. పిట్స్‌బర్గు చెంతనే బ్రాడక్ అను చోట కార్నెగీ ఉక్కు కర్మాగారము ఉండెను. 1888 లో అచ్చట దీర్ఘమైన లాకౌటు జరిగి, కార్మికులు ఓడి, దినమునకు 8 గంటల పని పోయి 12 గంటల పని వచ్చెను. 1889 లో అదే బ్రాడక్‌లో కార్నెగీ గ్రంథాలయము తెరువబడినది. అమెరికాలో ఆయన కట్టించిన గ్రంథాలయములలో అది మొదటిది. ప్రారంభ సభలో మాటాడుచు, హోంస్టెడ్ గ్రామమునకును ఇట్టి దానము చేయ మనసున్నను, అచ్చటి పనివారు బ్రాడక్ వారివలె తమతో భాగస్వాములు కారు అను అర్థము వచ్చునట్లు ఆయన పలికెను. హోంస్టెడ్‌లో నాటికి కార్మికసంఘము బలముగా నుండెను. వారికి ఆ మాటలోని సూచన తెలియకపోలేదు.

1892 లో హోంస్టెడ్ కర్మాగారమున కూలి ఒప్పందము గడువు తీరినది. కార్నెగీ స్కాట్లండునకు వెడలెను. నిర్వాహకుడు హెన్రీ ఫ్రిక్ కర్మాగారమునకు కంచె కట్టించి, కార్మికులను బయటకు నెట్టి తలుపులు మూసెను. జులై 6 వ తేదీన పింకర్టన్ సంస్థకు చెందిన సాయుధులు సుమారు 300 మంది మనాంగహీలా నదిపై పడవలలో వచ్చిరి. తెల్లవారినది మొదలు సాయంకాలము వరకు నదీతీరమున కాల్పులు జరిగినవి. ఉభయపక్షములందును ప్రాణములు పోయినవి. కొలది దినములకు రాష్ట్ర సైన్యము వేలకొలదిగా దిగెను. నవంబరు నాటికి సమ్మె విరిగిపోయినది. ఆ ప్రాంతపు ఉక్కు కర్మాగారములలో కార్మికసంఘము పేరు చాలకాలము వినరాకుండ పోయెను.

1898 లో హోంస్టెడ్ కార్నెగీ గ్రంథాలయము తెరువబడినది. కొండమీద గంభీరమైన కట్టడము. అందు పుస్తకశాల, సంగీత మందిరము, వ్యాయామశాల, ఈతకొలను. కాని క్రింద కర్మాగారమున పని 12 గంటలు. పగటి వంతు, రాత్రి వంతు మారునపుడు పక్షమునకు ఒక పర్యాయము ఏకబిగిని 24 గంటలు పనిచేయవలెను. 1910 లో ప్రకటితమైన మార్గరెట్ బయింగ్టన్ పరిశోధన గ్రంథము ఆ ఊరి కుటుంబముల బ్రదుకును శ్రద్ధగా చిత్రించినది. మా కూలి తగ్గింపక యుండిన, ఆ సొమ్మును మేమే వెచ్చించుకొందుము గదా, దినమునకు పండ్రెండు గంటలు పనిచేయువానికి గ్రంథాలయ మెందులకు అను భావము కార్మికులలో ఎంత గాఢముగా నుండెనో అందు నమోదైనది. ఉక్కు కర్మాగారములలో ఆ 12 గంటల పని 1923 వరకు తొలగలేదు.

చదువుటకు పుస్తకము మాత్రమే చాలదు. తీరిక కావలెను, కన్నులలో సత్తువ కావలెను. దాత పుస్తకము నిచ్చెను; యజమాని తీరికను తీసికొనెను. ఇద్దరును ఒక్కరే. పెద్ద దానములలోని మొదటి దోషము ఇది: ఇచ్చిన చేతిని లోకము చూచును గాని, తీసికొన్న చేతిని చూడదు.

కట్టడమునకు డబ్బు, పుస్తకములకు లేదు

1901 లో కార్నెగీ తన ఉక్కు వ్యాపారమును 48 కోట్ల డాలర్లకు అమ్మివేసెను. అటుపిమ్మట దానము సైతము ఒక కర్మాగారమువలె నడువసాగెను. 1883 లో డన్‌ఫర్మ్‌లిన్‌తో మొదలైన ఈ దానక్రమమున ఆంగ్లభాషా దేశములలో మొత్తము 2,500 కు పైగా గ్రంథాలయములు వెలసినవి. అందు అమెరికాలోనే 1,600 కు పైబడినవి. ఒక పట్టణము దానము కోరినచో కార్యదర్శి జేమ్స్ బెర్‌ట్రమ్ ప్రశ్నావళి పంపును. జనాభాను బట్టి, తలకు సుమారు 2 డాలర్ల లెక్కన, మంజూరు. స్థలము పట్టణమే ఇయ్యవలెను. ఏటేటా దానములో పదియవ వంతు గ్రంథాలయ పోషణకు పన్నుల నుండి కేటాయింతుమని పురపాలక సంఘము తీర్మానింపవలెను. పుస్తకములకు దాత నుండి ధనము రాదు.

ఈ నియమములో వివేకము లేదని చెప్పరాదు. ఊరివారే పోషింపవలెనను పట్టుదల వలన గ్రంథాలయము పురపాలనలో భాగమయ్యెను. అనేక రాష్ట్రములలో ప్రజాధనముతో ఉచిత గ్రంథాలయమను భావము పాతుకొనెను. తన పేరు చెక్కవలెనని కార్నెగీ నియమము పెట్టలేదు. చిన్న పట్టణములలో ఏండ్ల తరబడి పుస్తకములు కూర్చిన మహిళా సంఘములకు ఈ దానము కొండంత అండ యయ్యెను. ఎందరో బీదపిల్లలు ఆ మెట్లెక్కియే లోకమును చూచిరి. ఇది మరువరాదు.

కాని లెక్క వేసి చూడుడు. 10,000 డాలర్లు పుచ్చుకొన్న పట్టణము ఏటికి 1,000 డాలర్లు వెచ్చింపవలెను. ఇరువది యయిదేండ్లకు, అనగా ఒక రజతోత్సవము నాటికి, ఊరివారు పెట్టినది 25,000. దానము ఒక వంతు, ఊరి సొమ్ము రెండున్నర వంతులు. అయినను లోకము దానిని కార్నెగీ గ్రంథాలయమనియే పిలిచెను. ఒక్కమారు ఇచ్చినవాడు దాత. ఏటేటా ఇచ్చినవారు అనామకులు.

మరియొక చిక్కు వచ్చినది. చేతికందిన ధనము కట్టడమునకే గనుక ఊరి దృష్టియు కట్టడముపైననే నిలిచెను. ఘనమైన మెట్లు, స్తంభములు, గుమ్మటము వచ్చినవి, అలమరలు వెలవెలబోయినవి. ఈ దుబారాను అరికట్టుటకు 1911 లో బెర్‌ట్రమ్ కట్టడముల కొలతలను, గదుల అమరికను సూచించుచు ఒక చిన్న పుస్తకము వెలువరించెను. ఆ సలహాలు చాలవరకు మంచివే. కాని ఊరి గ్రంథాలయమునకు గోడ ఎచ్చట ఉండవలెనో న్యూయార్కు కార్యాలయము నిర్ణయించు స్థితి వచ్చినది. దుబారాకు మందు దూరపు పెత్తనమయ్యెను.

తుదకు దానసంస్థయే తన పనిని పరీక్షింపించుకొనెను. ఆర్థికశాస్త్రవేత్త ఆల్విన్ జాన్సన్ అనేక పట్టణములు తిరిగి 1916 లో నివేదిక సమర్పించెను. కట్టడము గ్రంథాలయము కాదు. శిక్షణ పొందిన గ్రంథపాలకుడు, మంచి పుస్తకములు, ప్రజలను చేరు సేవ, ఇవియే గ్రంథాలయము. వాగ్దానము చేసిన పదియవ వంతు పోషణను నెరవేర్చని పట్టణములును ఉన్నవి. ఇది ఆ నివేదిక సారాంశము. 1917 లో కొత్త కట్టడములకు మంజూరు నిలిచిపోయినది. ముప్పదినాలుగేండ్ల పిమ్మట తేలిన ఈ సత్యము డన్‌ఫర్మ్‌లిన్ నేతగాండ్రు అయిదుగురికి మొదటి దినముననే తెలియును. వారికి కట్టడము లేదు. పుస్తకములును, పాఠకులును మాత్రమే ఉండిరి.

వలదన్నవారు, వలదనిపించుకొన్నవారు

ఇంతటి దానమును కాదనిన పట్టణములును కలవు. అమెరికాలో రెండువందలకు పైగా ఊళ్లు దానమును నిరాకరించుటయో, ప్రయత్నము సగములో విడుచుటయో జరిగినది. కారణములు పలు విధములు. పన్నుభారము, స్థలపు తగాదా, ఆత్మాభిమానము. వెస్ట్ వర్జీనియా రాష్ట్రమందలి వీలింగ్ పట్టణమున మాత్రము కారణము హోంస్టెడ్. అచ్చటి కార్మికసంఘముల సమాఖ్య ఇంటింటికి తిరిగి ప్రచారము చేయగా, 1904 లో జరిగిన ఓటింగులో కార్నెగీ గ్రంథాలయ ప్రతిపాదన వీగిపోయినది. వీలింగ్‌వారు చదువు వలదనలేదు. 1911 లో తమ సొమ్ముతో తమ గ్రంథాలయ భవనమును కట్టుకొనిరి. కార్మిక నాయకుడు యూజీన్ డెబ్స్ ఈ దానములను బహిరంగముగా ఖండించినవారిలో ఒకడు.

వలదన్నవారి కథ ఇట్లుండగా, లోనికి రావలదనిపించుకొన్నవారి కథ మరింత బాధాకరము. 1902 లో దక్షిణ రాష్ట్రమగు జార్జియాలోని అట్లాంటా నగరమున కార్నెగీ గ్రంథాలయము తెరువబడెను. నల్లజాతివారికి ప్రవేశము లేదు. ప్రసిద్ధ పండితుడు డబ్ల్యు. ఇ. బి. డ్యుబాయిస్ ఒక ప్రతినిధివర్గముతో నిర్వాహకుల వద్దకు పోయి, పన్ను కట్టు పౌరులకు పుస్తకము నిరాకరించుట యేమి న్యాయమని అడిగెను. ప్రత్యేకముగా ఒక శాఖ వచ్చునను మాట మాత్రము లభించెను. ఆ శాఖ ఆబర్న్ వీథిలో తెరువబడినది 1921 లో. నడుమ పందొమ్మిదేండ్లు గడచిపోయినవి. అప్పుడు ఏడేండ్లున్న పిల్లవాడు తన ఊరి శాఖలో అడుగు పెట్టునాటికి ఇరువదియారేండ్ల వాడయ్యెను.

ఈ నిషేధమును పెట్టినది కార్నెగీ కాదు, స్థానిక పాలకులు. కాని స్థలము, కట్టడము, పదియవ వంతు, గదుల కొలతలు, వీనియన్నింటికి నియమములు పెట్టగలిగిన దాత, తలుపు అందరికి తెరువవలెనను నియమమును మాత్రము పెట్టలేదు. దానమునకు షరతులుండుట దోషము కాదు. ఏ షరతు ముఖ్యమో దాత ఒక్కడే నిర్ణయించుట దోషము.

శాశ్వత సంస్థలు వచ్చిన కాలము

ఒక మనిషి ఆయుర్దాయము దాటి దానము సాగుటకు 1911 లో కార్నెగీ కార్పొరేషను ఏర్పడెను. 1913 లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషను వచ్చినది. దాని స్థాపనకు అమెరికా పార్లమెంటగు కాంగ్రెసు అనుమతి నీయకపోగా న్యూయార్కు రాష్ట్ర శాసనముచే అది ఏర్పడినది. మరుసటి ఏడే, 1914 ఏప్రిల్ 20 న, కొలరాడో రాష్ట్రమందలి లడ్లోలో సమ్మె చేయుచున్న గని కార్మికుల గుడారములపై సాయుధులు విరుచుకుపడిరి. గుడారములు తగులబడినవి. గుంటలో తలదాచుకొన్న ఇద్దరు స్త్రీలు, పదునొకండుగురు పిల్లలు ఊపిరాడక మరణించిరి. ఆ సమ్మెలోని ప్రధాన కంపెనీ రాక్‌ఫెల్లర్ కుటుంబపు ఆధీనములోనిది. ఇంతలో కార్మిక సంబంధములను పరిశీలించు పనిని రాక్‌ఫెల్లర్ ఫౌండేషను స్వయముగా చేపట్టినది. కాల్పులకు గురియైన పక్షపు కష్టమును, కంపెనీ యజమాని ధర్మనిధియే విచారించునను స్థితి ఏర్పడెను.

అమెరికా ప్రభుత్వము నియమించిన పారిశ్రామిక సంబంధముల సంఘము 1915 లో కార్నెగీని, రాక్‌ఫెల్లర్లను పిలిపించి ప్రశ్నించెను. ఎన్నికలేని కొలదిమంది ధర్మకర్తలు, అపారధనముతో, విద్యను, పరిశోధనను, ప్రజాభిప్రాయమును తమకు తోచిన దిక్కునకు మరల్పగలరనియు, వారికి ప్రజలయెడల జవాబుదారీ లేదనియు ఆ విచారణలో ఆందోళన వ్యక్తమయ్యెను. ఈ సంస్థలు తదుపరి కాలమున రోగనివారణ, శాస్త్రపరిశోధన రంగములలో గొప్ప సేవ చేసినవి. బయింగ్టన్ హోంస్టెడ్ పరిశోధనయు ఒక ధర్మనిధి సాయముతోనే జరిగినది. మేలు జరిగినదను మాట నిజము; అడుగువాడు లేడను మాటయు నిజమే. ఒకటి రెండవదానిని కప్పివేయదు.

ఆంధ్రదేశము త్రొక్కిన త్రోవ

ఇదే కాలమున తెలుగుదేశమున గ్రంథాలయములు వేరొక రీతిని పెరిగినవి. 1886 లో విశాఖపట్టణమున మంతెన ఆదినారాయణమూర్తి సరస్వతీ నిలయమును స్థాపించెను. 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల సంస్థానాధీశుడు నాయని వెంకటరంగారావు దానికి మూలపురుషులు. ఇందు సంపన్నుల చేయియు ఉన్నది. కాని ఆ సంపన్నులు సభలో కూర్చుండి ఇతరుల మాట వినవలసినవారే గాని, సముద్రమునకు ఆవల నుండి ప్రశ్నావళి పంపువారు కారు.

1914 ఏప్రిల్ 10 న విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ చిలకమర్తి లక్ష్మీనరసింహము అధ్యక్షతన జరిగినది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్య ఊరూర తిరిగి ఉద్యమమునకు ఊపిరి పోసెను. 1918 లో వేటపాలెమున యువకులు ప్రారంభించిన సంస్థ సారస్వత నికేతనమై, 1929 లో గాంధీమహాత్ముని చేత భవనమునకు శంకుస్థాపన చేయించుకొనెను. పుస్తకములు ముందు, భవనము వెనుక; ఇది ఆ సంస్థ పెరిగిన క్రమము. పాతూరి నాగభూషణము 1935 లో కాలువలపై పడవ గ్రంథాలయమును నడిపించెను. దానికి గోడలే లేవు. పాఠకులు మాత్రము రేవు రేవునను ఉండిరి.

ఈ త్రోవలోను కష్టములు లేకపోలేదు. చందాలు ఆగినచో తలుపులు మూతపడును. ఉత్సాహవంతుడొకడు ఊరు విడిచినచో అలమరలకు చెదలు పట్టును. అందువలననే ఉద్యమ నాయకులు శాసనము కోరిరి. ఎస్. ఆర్. రంగనాథన్ కృషితో 1948 లో మద్రాసు ప్రజాగ్రంథాలయ శాసనము, 1955 లో హైదరాబాదు శాసనము, తుదకు 1960 లో ఆంధ్రప్రదేశ్ ప్రజాగ్రంథాలయ శాసనము వచ్చినవి. ఇంటిపన్నుతో బాటు గ్రంథాలయ పన్ను వసూలగు పద్ధతి ఏర్పడినది. దీని అర్థము గొప్పది. గుడిసెకు పన్ను కట్టువాడును గ్రంథాలయమునకు దాతయే. పుస్తకము అడుగుట యాచన కాదు, హక్కు. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఈ పన్ను సకాలమున గ్రంథాలయములకు జమకాక బకాయి పడుట మన కాలపు అపకీర్తి. కాని బకాయిని నిలదీసి అడుగవచ్చును. దానమును అట్లు అడుగరాదు.

కంపెనీల దానము

2013 నాటి కంపెనీల శాసనములోని 135 వ విభాగము 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. నిర్ణీత పరిమాణమును మించిన కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు నికరలాభములో నూటికి 2 వంతులు సామాజిక బాధ్యతకు వెచ్చింపవలెను. ఏ పనులకు వెచ్చింపవచ్చునో తెలుపు ఏడవ షెడ్యూలులో ప్రజాగ్రంథాలయముల స్థాపనయు చేరియున్నది. కావున కార్నెగీ కథ మన గ్రామముల గుమ్మము వరకు వచ్చినదనియే చెప్పవలెను.

ఈ శాసనము వలన పాఠశాలలకు గదులు, గ్రామములకు మంచినీరు లభించినవి. అయినను పాత దోషములు పొంచియే యున్నవి. ఏ పనికి ఎంత అను నిర్ణయము కంపెనీ డైరెక్టర్లది. పుచ్చుకొను గ్రామమునకు ఆ సభలో స్థానము కల్పింపబడలేదు. కంపెనీ పనిచేయు పరిసర ప్రాంతములకు ప్రాధాన్య మీయవలెనని శాసనము చెప్పుచున్నది. కర్మాగారపు పొగను భరించు ఊరికి ఇది న్యాయమే. కాని కర్మాగారమే లేని మారుమూల పల్లెకు దాత దొరకుట కష్టమగును. లాభముపై ఆధారపడిన దానము లాభము తరిగిన యేట తరుగును. ఆ యేడే కూలివానికి పనియు తరుగును. అవసరము పెరిగిన కాలముననే సాయము సన్నగిల్లుట ఈ పద్ధతి స్వభావములోనే కలదు. కట్టడమునకు ఛాయాచిత్రము తీయవచ్చును, ఫలకము అమర్పవచ్చును; గ్రంథపాలకుని నెలజీతమునకు ఫలకము లేదు. కావున ధనము కట్టడమునకు పరుగెత్తును, జీతమునకు నడువదు. జాన్సన్ 1916 లో కనుగొన్న చిక్కు ఇదియే.

గ్రామ గ్రంథాలయమునకు పాఠము

ఇందువలన పెద్ద దానములను త్రోసిపుచ్చవలెనని తాత్పర్యము కాదు. చన్నీళ్లకు వేణ్ణీళ్లు తోడని లోకము ఎరుగును. ఆకలిగొన్న అలమరకు పుస్తకము ఎచ్చటి నుండి వచ్చినను మంచిదే. కాని పుచ్చుకొనుటకు ముందు ఊరు కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. ఈ కట్టడమునకు పదియవ యేట దీపము, పాలకుడు, కొత్త పుస్తకము ఎవరు సమకూర్తురు? ఏ పుస్తకము కొనవలెనో, ఏ పత్రిక రావలెనో నిర్ణయించు సభ ఊరిలో కూర్చుండునా, నగరములోనా? కూలివానికి, ఆడువారికి, అన్ని వాడల పిల్లలకు తలుపు తెరచియుండునని వ్రాతమూలకముగా నున్నదా? దాతను తప్పుపట్టవలసి వచ్చినచో ఊరివారికి నోరుండునా? మరియు, ఈ ధనము వచ్చిన దారిలో ఎవరి తీరిక, ఎవరి కూలి తరిగిపోయినవి?

అన్నిటికంటె పెద్ద ప్రమాదము మరియొకటి కలదు. మహాదాత దొరకెనని తెలిసిన దినమున ఊరివారు తమ రూపాయి చందాను మానుదురు. ఇంత పెద్ద భవనమునకు నా రూపాయి ఎందులకని కూలివాడు అనుకొనును. ఆ రూపాయితో బాటు అతని మాటయు, అతని అధికారమును, అలమర ముందు నిలిచి ఈ పుస్తకమేల లేదని అడుగు ధైర్యమును గ్రంథాలయము నుండి వెడలిపోవును. దాత చేయి పెద్దదైన కొలది గ్రహీత నోరు చిన్నదగుట ఇట్లే జరుగును.

ఆండ్రూ కార్నెగీ 2,500 కు పైగా గ్రంథాలయములు కట్టించెను. కాని ఆయనను పాఠకునిగా చేసినవి రెండు చిన్న గ్రంథాలయములు: తండ్రి తోటి నేతగాండ్రతో కూర్చిన పుస్తకములు, అడిగినపుడు నిబంధన మార్చుకొన్న అలెఘెనీ అలమర. ఆ రెండును ఊరివారి చేతికి అందు దూరములో నుండినవి. ఇరువది యయిదేండ్లు నిండిన ప్రతి గ్రామ గ్రంథాలయమును అట్టిదే. దానికి ఎవరు ఏనుగును ఇచ్చినను పుచ్చుకొనవచ్చును; అంకుశము మాత్రము ఊరి చేతిలోనే ఉండవలెను, గడ్డి మోపులో ప్రతి యింటి పరకయు ఉండవలెను.